ఏప్రిల్ తగవులు

2003 మార్చి 23. జొహానెస్‌బర్గ్‌లో ప్రపంచకప్ ఫైనల్. నేను మసాచుసెట్స్‌లోని ష్రూస్‌బరీలో ఒక మిత్రుడి అపార్ట్‌మెంట్‌లో, తెల్లవారుజామున మూడింటినుంచీ రగ్గు కప్పుకుని టీవీ ముందు కూర్చున్నాను. ఈ దేశం వచ్చి ఏడాది కూడా కాలేదు. గదిలో ఉన్న ఏడుగురమూ తెలుగువాళ్లమే. పాంటింగ్ 140 కొట్టి, ఆస్ట్రేలియా 359కి చేరాక ఆట చూడ్డం మానేసి తగువులో పడ్డాం. తగువు పాతదే: లక్ష్మణ్‌ని ఇంట్లో కూర్చోబెట్టి దినేశ్ మోంగియాని తీసుకెళ్లడమేమిటని. హైదరాబాద్ వాళ్లిద్దరు లేచి నిలబడి మరీ అరిచారు. మోంగియా కాస్త బౌలింగ్ కూడా వేస్తాడు కదా అన్నందుకు నాకు ఆ పూట ఉప్మా పెట్టలేదు.

సరిగ్గా తొమ్మిది రోజులకి, ఏప్రిల్ 1 పొద్దున, ఆఫీసులో నా పక్క క్యూబికల్ పెద్దాయన ముఖం ఆ హైదరాబాద్ వాళ్ల ముఖంలాగే ఉంది. ఆయనది బోస్టన్‌లోని డార్చెస్టర్. ఐరిష్ కుటుంబం. మెయిన్‌ఫ్రేమ్ మనిషి, అరవైకి దగ్గరపడ్డవాడు. ముందురోజు రాత్రి బోస్టన్ బేస్‌బాల్ జట్టు రెడ్ సాక్స్ సీజన్‌లో మొదటి ఆట ఫ్లోరిడాలో ఓడిపోయిందట. పెడ్రో మార్టినెజ్ ఏడు ఇన్నింగ్స్ వేసి 4-1 ఆధిక్యంతో దిగిపోతే, తొమ్మిదో ఇన్నింగ్స్‌లో వచ్చిన పిచ్చర్లు ఐదు పరుగులిచ్చారు. చివరి దెబ్బ కార్ల్ క్రాఫర్డ్ అనే కుర్రాడి హోమ్ రన్. 6-4. ఆదిలోనే హంసపాదు.

సీజన్‌కి 162 ఆటలు. ఒకటి పోతే ఇంకా 161 ఉన్నాయి కదా అన్నాను. ఆయన నావైపు జాలిగా చూశాడు. “ఓడిపోయినందుకు కాదయ్యా. ఆ తొమ్మిదో ఇన్నింగ్స్ ఎవరికిచ్చారో చూడు” అన్నాడు. అప్పుడు కాని నాకు వెలగలేదు. ఆయన కోపం ఆట మీద కాదు, జట్టు జాబితా మీద. ఆ భాష నాకొచ్చు. బాపట్ల రైల్వేస్టేషన్ ఎదురుగా టీకొట్టు బల్ల మీద నేర్చుకున్నది అదొక్కటే.

ఆయన చెప్పింది ఇదీ. చివరి ఇన్నింగ్స్‌లో ఆధిక్యాన్ని కాపాడడానికి ప్రతి జట్టూ ఒక పిచ్చర్‌ని ప్రత్యేకంగా అట్టేపెట్టుకుంటుంది. క్లోజర్ అంటారు. ఆ ఏడు రెడ్ సాక్స్ అలాంటివాడు అక్కర్లేదంది. ఏ ఘడియకు ఎవరు పనికొస్తే వాళ్లనే దింపుతామంది. చలికాలంలోనే బిల్ జేమ్స్ అనే గణాంకాల రచయితను సలహాదారుగా పెట్టుకున్నారు. జనరల్ మేనేజర్‌గా థియో ఎప్‌స్టీన్‌ని కూర్చోబెట్టారు, అతనికి 28 ఏళ్లు. “లెక్కల పిల్లకాయలు” అనేవాడు పెద్దాయన. నా వృత్తి కూడా లెక్కలే కనక పౌరుషం వచ్చి అవతలి పక్షం చేరిపోయాను. ఆనాటి నుంచి మా ఇద్దరికీ ఏప్రిల్ వస్తే తగువే.

ఆ నెలంతా నడిచిన రెండో తగువు ఇంకా ముఖ్యమైంది. ఫస్ట్ బేస్‌కీ, ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసే స్థానానికీ కలిపి ముగ్గురు నలుగురు పోటీ. పెద్దాయన ఓటు షే హిల్లెన్‌బ్రాండ్‌కి, ముందటేడు ఆల్‌స్టార్ కనక. నా ఓటు జెరెమీ జియాంబీకి, బేస్ చేరుకునే సగటు బావుంది కనక. ఇంకొకడు కూడా ఉన్నాడు. మిన్నెసోటా వదిలేస్తే జనవరిలో పన్నెండున్నర లక్షల డాలర్లకు వచ్చి, ఎక్కువ రోజులు బెంచీ మీద కూర్చున్న డేవిడ్ ఒర్టిజ్. అతని పక్షం మాలో ఎవరూ లేరు.

ఈ ఊళ్లో ఈ జబ్బు ఎప్పటినుంచి ఉందో చూద్దామని తర్వాత్తర్వాత బోస్టన్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాను. అక్కడ పాత బేస్‌బాల్ ఫొటోలు బోలెడున్నాయి. వాటిలో పెద్ద భాగం ఒక సారాకొట్టు గోడల మీంచి దిగినవి.

ఆ కొట్టు యజమాని మైకేల్ మెక్‌గ్రీవీ. 1894లో తెరిచిన కొట్టుకి అతను పెట్టుకున్న పేరు ‘థర్డ్ బేస్’. ఇల్లు చేరేముందు ఆఖరి మజిలీ అని చమత్కారం. రాక్స్‌బరీలో, ఆటస్థలాలకు కూతవేటు దూరంలో ఉండేది. గోడలనిండా ఆటగాళ్ల బొమ్మలు, పైన బ్యాట్లతో చేసిన దీపాలు. సాయంత్రమయ్యేసరికి ఎవణ్ణి ఆడించాలి, ఎవణ్ణి ఇంటికి పంపాలి అని జనం గొంతులు చించుకునేవాళ్లు. చెయ్యి లేచేదాకా వస్తే మెక్‌గ్రీవీ బల్ల మీద గుద్ది రెండే ముక్కలు అనేవాడు: “నఫ్ సెడ్”. ఇంక చాలు, నోళ్లు మూయండి అని. అంతటితో సరి. ఊరంతా అతన్ని ఆ పేరుతోనే పిలిచింది. మా ఊరి టీకొట్టు యజమాని ఇదే పని లైటార్పి చేసేవాడు.

ఈ కొట్టు బృందానికి రాయల్ రూటర్స్ అని పేరు. 1903లో జరిగిన మొట్టమొదటి వరల్డ్ సిరీస్‌కి వీళ్లు పిట్స్‌బర్గ్ దాకా వెళ్లి, ‘టెస్సీ’ అనే నాటకం పాటకు తమ సొంత మాటలు కట్టి, హోనస్ వాగ్నర్ బ్యాటింగ్‌కి వచ్చినప్పుడల్లా పాడి అతని ప్రాణం తోడేశారు. బోస్టన్ 5-3తో గెలిచింది. 1912 ఏప్రిల్ 20న ఫెన్‌వే పార్క్ తెరిచినప్పుడు తొలి బంతి వేసిన మేయర్ జాన్ ఫిట్జెరాల్డ్ కూడా ఈ బృందంలోవాడే. తర్వాత అధ్యక్షుడైన కెనెడీకి తాతగారు. టైటానిక్ మునిగి ఐదు రోజులే అయింది. వానవల్ల రెండు రోజులు వాయిదాపడి మొదలైన ఆ ఆటలో 11 ఇన్నింగ్స్ ఆడి న్యూయార్క్‌ని 7-6తో ఓడించారు.

అదే ఏడు అక్టోబరులో, వరల్డ్ సిరీస్ ఏడో ఆటకి బ్యాండుమేళంతో ఊరేగింపుగా వచ్చిన రూటర్స్‌కి తమ సీట్లు ఇంకెవరికో అమ్మేశారని తెలిసింది. మైదానంలోంచి కదలమని భీష్మించుకుంటే గుర్రపు పోలీసులొచ్చి తోశారు. మర్నాడు జరిగిన తుది ఆటకి వచ్చినవాళ్లు 17,034 మందే, ముందురోజు జనంలో దాదాపు సగం. జట్టు ఆ రోజే ప్రపంచ విజేత అయింది, సగం ఖాళీ బెంచీల ముందు. అభిమాని అలిగితే ఎలా ఉంటుందో క్లబ్బులకి అంత స్పష్టంగా అంతకుముందు తెలిసి ఉండదు.

1920లో మద్యనిషేధం వచ్చి కొట్టు మూతపడింది. ఆ చోటు పబ్లిక్ లైబ్రరీ శాఖగా మారింది. ఫొటోలను మెక్‌గ్రీవీ లైబ్రరీకే ఇచ్చేశాడు. అదే సంవత్సరం జనవరిలో బేబ్ రూత్‌ని న్యూయార్క్‌కి అమ్మేసినట్టు ప్రకటన వచ్చింది. ఆ కథ నేను మళ్లీ చెప్పను. బోస్టన్‌లో ఎవరి పక్కన బస్సెక్కినా వాళ్లే చెబుతారు. నాకు కుతూహలం వేరే: బల్ల మీద గుద్ది తగువు తీర్చే మనిషి పోయాక ఏమైంది? తీర్పులేని తగువు మిగిలింది. చలికాలమంతా కొట్లలో పొయ్యి చుట్టూ మూగి ఆటగాళ్ల కొనుగోళ్ల గురించి వాదించుకోవడాన్ని అమెరికాలో ‘హాట్ స్టవ్ లీగ్’ అంటారు. బోస్టన్‌లో ఆ పొయ్యి ఏప్రిల్ వచ్చినా ఆరదు. నేను వచ్చేనాటికి అది 850 ఏఎం రేడియోలోకి చేరింది. కారులో ఆఫీసుకి వెళ్లే ముప్పావుగంటలో ఇరవైమంది మేనేజర్లు మాట్లాడేవాళ్లు. అందరూ ప్లంబర్లో, లారీ డ్రైవర్లో.

పెద్దాయన్ని ఓసారి అడిగాను, మీరు చూసినవాటిలో అన్నిటికంటే పెద్ద ఏప్రిల్ తగువు ఏదని. 1967 అంటాడనుకున్నాను. “నేను చెయ్యని తగువు ఒకటుంది. 1959” అన్నాడు.

దానికి ముందు కథ ఉంది. 1945 ఏప్రిల్ 16న ఫెన్‌వేలో ముగ్గురు నల్లజాతి ఆటగాళ్లకు పరీక్ష పెట్టారు: జాకీ రాబిన్సన్, శామ్ జెత్రో, మార్విన్ విలియమ్స్. క్లబ్బు మనస్ఫూర్తిగా పెట్టింది కాదు. ఇసడోర్ మచ్నిక్ అనే నగర కౌన్సిలర్ ఆదివారం ఆటల అనుమతికి అడ్డుపడతానని మెడమీద కత్తిపెడితే, పత్రికా రచయిత వెండెల్ స్మిత్ వాళ్లను వెంటబెట్టుకొచ్చాడు. ఆడించి చూశారు. పంపించేశారు. మళ్లీ కబురు లేదు. రెండేళ్లకి, 1947 ఏప్రిల్ 15న, రాబిన్సన్ బ్రూక్లిన్ తరఫున దిగాడు. జెత్రో 1950లో బోస్టన్‌లోనే ఇంకో జట్టు బ్రేవ్స్‌కి ఆడి ఆ ఏటి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. 1958 జూన్‌లో డెట్రాయిట్ కూడా దారికొచ్చాక, 16 జట్లలో నల్లవాణ్ణి ఒక్కసారి కూడా ఆడించనిది రెడ్ సాక్స్ ఒక్కటే.

1959 వసంతంలో అరిజోనాలోని స్కాట్స్‌డేల్ శిక్షణ శిబిరానికి పంప్సీ గ్రీన్ వచ్చాడు. కాలిఫోర్నియా కుర్రాడు, ఇన్‌ఫీల్డర్. జట్టు దిగిన హోటల్లో అతనికి గది ఇవ్వలేదు. రోజూ దూరంనుంచి వచ్చి ఆడేవాడు. అయినా బాగా ఆడాడు. ఈసారి జాబితాలో ఉంటాడనే అందరూ అనుకున్నారు. తీరా సీజన్ మొదలయ్యే ముందు మేనేజర్ పింకీ హిగ్గిన్స్ అతన్ని కింది లీగ్‌కి, మినియాపొలిస్‌కి పంపేశాడు. ఇంకా పదును పెట్టాలి అన్నది కారణం. ఈ కారణం ఎంత పాతదో, ఎంతమందికి చెప్పారో సెలెక్షన్ రాజకీయాలు చూసినవాళ్లకి తెలుసు.

ఈసారి తగువు సారాకొట్టులో ఆగలేదు. నల్లజాతి హక్కుల సంఘం ఎన్ఏఏసీపీ బోస్టన్ శాఖ ఫిర్యాదు చేసింది. మసాచుసెట్స్ రాష్ట్ర వివక్ష నిరోధక కమిషన్ క్లబ్బు పెద్దలను పిలిచి విచారించింది. ఒక ఆటగాణ్ణి ఎందుకు తీసుకోలేదో జట్టు ప్రభుత్వానికి సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడమంటే మాటలా! జూలై 3న హిగ్గిన్స్‌ని తీసేశారు. జూలై 21న షికాగోలో గ్రీన్ మొదటిసారి దిగాడు, ఇంకొకరి బదులు పరుగెత్తడానికి. మన వీధి క్రికెట్‌లో బై-రన్నర్ అంటామే, దాదాపు అదే. ఆగస్టు 4న ఫెన్‌వేలో తొలిసారి బ్యాట్ పట్టి, లెఫ్ట్ ఫీల్డ్‌లోని పెద్ద గోడకి కొట్టి మూడు బేస్‌లు పరుగెత్తాడు. రాబిన్సన్ వచ్చిన పన్నెండేళ్లకి.

“ఆ ఏప్రిల్‌లో నాకు పదహారేళ్లు” అన్నాడు పెద్దాయన. “మా వీధిలో ఆ నెలంతా ఒకటే మాట: టెడ్ విలియమ్స్ మెడనొప్పి ఎప్పుడు తగ్గుతుంది? పంప్సీ పేరు ఒక్కడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.” జట్టు బ్యాటర్ విలియమ్స్ నిజంగానే మెడ పట్టేసి ఆ ఏడు మే దాకా దిగలేదు. అప్పటికి మా తగవులు మొదలై నాలుగేళ్లు. ఆయన గొంతు అంత తగ్గి మాట్లాడడం నేను వినలేదు. అభిమానులది ఉత్త కాలక్షేపం అనేవాళ్లకి నేను ఈ కథే చెబుతుంటాను. ఆ నెలలో అడగాల్సిన ప్రశ్న ఒకటే ఉంది, దాన్ని అడిగినవాళ్లలో ఎక్కువమంది ఫెన్‌వేకి రోజూ వచ్చేవాళ్లు కారు.

1967 సంగతి వచ్చేసరికి ఆయనకి మళ్లీ గొంతొచ్చేది. ముందటేడు జట్టు పది జట్లలో తొమ్మిదోది. 1967 ఏప్రిల్ 12న ఫెన్‌వేలో మొదటి ఆటకి వచ్చినవాళ్లు 8,324. తానూ వాళ్లలో ఒకణ్ణంటాడు. ఆ ఆట చూశామని నాతో చెప్పినవాళ్లందరినీ లెక్కేస్తే ఎనిమిది వేలు చాలవేమో. రెండు రోజుల తర్వాత యాంకీ స్టేడియంలో బిల్లీ రోర్ అనే 21 ఏళ్ల కుర్రాడు తన జీవితంలో మొదటి ఆటకి బంతి పట్టాడు. ఎదురుగా వైటీ ఫోర్డ్. గ్యాలరీలో కొడుకుతో కలిసి జాకీ కెనెడీ. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో రెండు ఔట్లు పడేదాకా న్యూయార్క్‌కి ఒక్క హిట్ లేదు. ఇంకొక్క బంతి చాలు. ఎల్‌స్టన్ హోవర్డ్ దాన్ని కుడివైపు ఫీల్డ్‌లోకి తోశాడు. అయితేనేం, 3-0తో గెలిచారు. వారానికి మళ్లీ అదే జట్టుని ఓడించాడు రోర్. ఊరు ఊగిపోయింది. ఇరవై ఏళ్లు ఏలతాడన్నారు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం.

రెడ్ సాక్స్‌కి అతను గెలిపించింది ఆ రెండే. వేసవికల్లా కింది లీగ్‌లో ఉన్నాడు. మొత్తం జీవితంలో ఇంకొక్కటి గెలిచాడు, వేరే జట్టుకి. ఇక ఆ హిట్ కొట్టిన హోవర్డ్ ఆగస్టులో రెడ్ సాక్స్‌కే క్యాచర్‌గా వచ్చాడు! అక్టోబరు 1న, ఆఖరి రోజు, బోస్టన్ లీగ్ గెలిచింది. ఏప్రిల్ చూసి వేసిన అంచనా ఒక్కటీ నిలబడలేదు, జట్టు మీద పెట్టుకున్న నిరాశగానీ, రోర్ మీద పెట్టుకున్న ఆశగానీ.

తక్కినవి పైపైన చెబుతాను. 1972 మార్చిలో స్పార్కీ లైల్‌ని ఇచ్చి డానీ కేటర్‌ని తెచ్చుకున్నారు. లైల్ న్యూయార్క్‌లో ఉత్తమ పిచ్చర్ బహుమతి కొట్టాడు. ఆ ఏడే ఆటగాళ్ల సమ్మెతో సీజన్ ఆలస్యమై, డెట్రాయిట్ 156 ఆటలూ బోస్టన్ 155 ఆటలూ ఆడి, సగం ఆట తేడాతో డివిజన్ పోయింది. 1980 డిసెంబరులో క్యాచర్ కార్ల్టన్ ఫిస్క్‌కి ఒప్పంద పత్రం గడువు దాటాక పోస్టు చేశారు. అతను షికాగోకి పోయాడు. 1981 ఏప్రిల్ 10న, సీజన్ మొదటి ఆటకి, షికాగో చొక్కా వేసుకుని ఫెన్‌వేకి వచ్చి, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో మూడు పరుగుల హోమ్ రన్ కొట్టి రెడ్ సాక్స్‌ని ఓడించాడు. ఆ రోజు పెద్దాయన మైదానంలోనే ఉన్నాడు. లేచి చప్పట్లు కొట్టాడట. “మా క్లబ్బు గుమాస్తాల మీద కోపంతో” అన్నాడు.

మళ్లీ 2003కి వస్తే, మే నెలాఖరున హిల్లెన్‌బ్రాండ్‌ని అరిజోనాకి ఇచ్చి పిచ్చర్‌ని తెచ్చుకున్నారు. పెద్దాయన పక్షం ఖాళీ. నా జియాంబీ సగటు .197. నేను దాన్ని ఆఫీసు కాయితం మీద రాసి జేబులో పెట్టుకునేదాకా ఆయన ఒప్పుకోలేదు. చోటు దొరికిన ఒర్టిజ్ ఆ ఏడు 31 హోమ్ రన్లు కొట్టాడు. మరుసటేడు 86 ఏళ్ల తర్వాత కప్పొచ్చింది. ఆ విజయం మేము ముందే చెప్పామనేవాళ్లు ఊళ్లో బోలెడంతమంది పుట్టుకొచ్చారు. మా ఇద్దరికీ మాత్రం ఆ అదృష్టం లేదు, ఒకరికొకరం సాక్షులం కనక.

ఇప్పుడు తగువులోకి కొత్త దినుసు చేరింది, సర్వీసు లెక్క. ఆటగాడికి ఆరేళ్ల సర్వీసు నిండితే గానీ తనకు నచ్చిన జట్టుకి వెళ్లే స్వేచ్ఛ రాదు. సీజన్‌లో 172 రోజులు జాబితాలో ఉంటే ఏడాది కింద లెక్క. అందుకని మంచి కుర్రాణ్ణి ఏప్రిల్‌లో రెండు వారాలు కింది లీగ్‌లో ఆపితే క్లబ్బుకి ఒక ఏడాది కలిసొస్తుంది. పదకొండు నెలలకోసారి కాంట్రాక్టు తెంపి మళ్లీ రాయించుకునే ఉద్యోగాలు చేసినవాళ్లకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. 2013లో జాకీ బ్రాడ్లీ జూనియర్‌ని అలా ఆపుతారా లేదా అని మార్చంతా కొట్టుకున్నాం. ఆపలేదు. మొదటి ఆటలోనే మూడు వాక్‌లు సంపాదించాడు. నేను ఎగిరాను. ఏప్రిల్ 18న .097 సగటుతో కింది లీగ్‌కి వెళ్లిపోయాడు. కానీ ఆ రోజు పెద్దాయన ఫోన్ చెయ్యలేదు. మారథాన్‌లో బాంబులు పేలి మూడు రోజులే అయింది. ఆ వారం ఊళ్లో ఎవరూ జాబితా ఊసెత్తలేదు.

ఆయన రిటైరై చాలాకాలమైంది. ఎనభై దాటాయి. ఏప్రిల్‌లో మాత్రం ఫోన్ తప్పదు. 2025 ఏప్రిల్ మొదటివారం రఫాయెల్ డెవర్స్ గురించి అరగంట తిట్టాడు. థర్డ్ బేస్ ఇంకొకరికిచ్చారని అలిగి, 19 సార్లు బ్యాట్ పట్టి ఒక్క హిట్ లేకుండా, 15 సార్లు స్ట్రైకౌట్ అయ్యాడు కనక. నేను నా పాత పాట పాడాను: 162 ఆటల్లో ఐదు చూసి మాట్లాడకూడదు అని. ఆ మాటన్నవాణ్ణే ఆ వారమే సెకండ్ బేస్ కుర్రాడు క్రిస్టియన్ కాంప్‌బెల్‌ని పట్టుకుని వేళ్లాడాను. గట్టిగా పది ఆటలు ఆడకముందే అతనికి ఎనిమిదేళ్లకి ఆరు కోట్ల డాలర్ల ఒప్పందం రాశారు. “తొందరపడ్డారు” అన్నాడు పెద్దాయన. “చూస్తుండండి” అన్నాను. ఏప్రిల్ నెల ఉత్తమ కొత్త ఆటగాడి బహుమతి కాంప్‌బెల్‌కే వచ్చింది. ఆ వార్త ఆయనకి నేనే చదివి వినిపించాను.

ఆ నెలలోనే ఒక సాయంత్రం మా అమ్మాయిని తీసుకుని ఊస్టర్‌లో పోలార్ పార్క్‌కి వెళ్లాను. రెడ్ సాక్స్ కింది జట్టు అక్కడ ఆడుతుంది. మా ఇంటికి పది నిమిషాలు. చలికి జేబుల్లోంచి చేతులు తియ్యలేక చప్పట్లు కూడా కొట్టలేదు. రోమన్ ఆంథొనీని చూడాలని దాని కోరిక. అతన్ని పైకి ఎందుకు తీసుకోరో చెప్పమని నన్ను నిలదీసింది. ఇంకా పదును పెట్టాలంటున్నారు అన్నాను. అని, నా మాట నాకే ఎక్కడో విన్నట్టనిపించి నోరు మూసుకున్నాను. చర్మం రంగు కథ వేరు, ఈ కథ వేరు, నాకు తెలుసు. మాట మాత్రం అదే.

జూన్ 9న ఆంథొనీని పైకి పిలిచారు. జూన్ 15న డెవర్స్‌ని శాన్‌ఫ్రాన్సిస్కోకి ఇచ్చేశారు. అదే నెలలో బ్యాట్ చల్లబడిపోయిన కాంప్‌బెల్‌ని ఊస్టర్‌కి పంపేశారు. నేను ఫోన్ చెయ్యలేదు. రెండు రోజులాగి ఆయనే చేశాడు. గెలిచినట్టు ఒక్క ముక్క అనలేదు. మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయని నేను అడగబోతుంటే అడ్డుపడ్డాడు.

“అది సరేగానీ, సెకండ్ బేస్‌కి ఇప్పుడు ఎవరంటావ్?”